టికెట్టుకు ఒక ధర, ఆకలికి ఒక ధర

పిల్లలకు సెలవులు మొదలయ్యాయంటే మన బ్యాంకు కుటుంబాలన్నిటిలోనూ ఒకటే ప్రశ్న: "ఈ రెండో శనివారం ఎక్కడికి?" 2015 సెప్టెంబరు నుంచి రెండో, నాలుగో శనివారాలు మనకు సెలవులయ్యాక, ఆదివారంతో కలిపి చిన్న ప్రయాణం పెట్టుకోవడం అలవాటైపోయింది. హైదరాబాదు చుట్టుపక్కల ఉన్నవాళ్లయితే రామోజీ ఫిల్మ్ సిటీ, లేదా రావిర్యాల దగ్గర 2016లో తెరిచిన వండర్‌లా. బదిలీల మీద బెంగళూరులోనో ముంబైలోనో ఉన్నవాళ్లకు అక్కడి పార్కులు అక్కడ ఉన్నాయి.

టికెట్ల దగ్గర మనం చాలా జాగ్రత్తపరులం. ఏ రోజు వెళితే ధర తక్కువ, ఆన్‌లైన్‌లో తీసుకుంటే ఎంత తగ్గుతుంది, పిల్లవాడి ఎత్తుకు సగం టికెట్టు సరిపోతుందా అని నాలుగు రోజుల ముందే లెక్కలు వేస్తాం. తిండి మాట వచ్చేసరికి మాత్రం "అక్కడ చూసుకుందాం లే" అంటాం. ఆ ఒక్క మాట ఖరీదు ఎంతో నాకు తెలిసివచ్చిన రోజు గురించి ముందు చెబుతాను.

పదకొండు చెల్లింపులు, ఒక్క భోజనం లేదు

కొన్నేళ్ల కిందట అమ్మ, నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు కలిసి ఒక పార్కుకు వెళ్లాం. పొద్దున్నే హడావుడిగా తలా రెండు ఇడ్లీలు తిని బయలుదేరాం. లోపలికి వెళ్లిన గంటకే చిన్నది పాప్‌కార్న్ అడిగింది. తరవాత పెద్దవాడికి ఫ్రెంచ్ ఫ్రైస్. ఎండ ముదిరాక నీళ్ల సీసాలు, కూల్‌డ్రింకులు. మధ్యాహ్నం భోజనశాల ముందు వరస చూసి, "ఇప్పుడు కాదులే" అనుకుని పక్క కౌంటర్‌లో ఒక పిజ్జా. మళ్లీ ఐస్‌క్రీములు.

కొన్నప్పుడల్లా అమ్మను అడుగుతూనే ఉన్నాను. "నాకేం ఆకలిగా లేదురా, పొద్దున తిన్నదే ఇంకా అరగలేదు. పిల్లలకి పెట్టండి" అంటూ వచ్చింది. కౌంటర్ పైన వెలుగుతున్న ధరల బోర్డు వైపు ఆవిడ చూసిన చూపు నేను గమనించలేదు. మూడు గంటలకు ఒక బెంచీ మీద కూర్చుని, చెమటలు పట్టి, చేతులు వణుకుతున్నాయంది. అమ్మకు షుగరు. పొద్దున మాత్ర వేసుకుంది, మధ్యాహ్నం ఏమీ తినలేదు. మా ఆవిడ పరుగున వెళ్లి పళ్లరసం తెచ్చి తాగించింది. కాసేపటికి తేరుకుంది. ఆ పళ్లరసం ధర ఎంతని మేమెవరం అడగలేదు.

ఆ రాత్రి ఇంటికొచ్చాక ఫోనులో ఆ రోజు చెల్లింపులు చూసుకున్నాను. తిండికి పదకొండు సార్లు కట్టాను. అందులో ఏడు రెండు వందల లోపువే. కలిపితే 2,460 రూపాయలు. అంత డబ్బు పోసినా మా ఐదుగురిలో ఒక్కరు కూడా కడుపునిండా అన్నం తినలేదు. అమ్మ అసలు ఏమీ తినలేదు. ఇది ఖర్చు ఎక్కువైన కథ కాదు, ఖర్చు పెట్టాల్సిన చోట పెట్టని కథ అని అప్పుడనిపించింది.

లోపల ధర ఎందుకు ఎక్కువ?

ముందు దీని వెనక ఉన్న వ్యాపారం అర్థం చేసుకుంటే కోపం తగ్గి ఆలోచన పెరుగుతుంది. మీ వీధి చివర ఇడ్లీ బండి ధర పెంచితే మీరు పక్క బండికి వెళతారు. ఆ భయం వల్లే ధర అదుపులో ఉంటుంది. పార్కులో పక్క బండి లేదు. చాలా చోట్ల ఒకసారి బయటికి వస్తే అదే టికెట్టు మీద మళ్లీ లోపలికి పోనివ్వరు. బయటి తిండి తేనివ్వరు. అంటే గేటు దాటిన క్షణం నుంచి మనం వేరే దారి లేని కొనుగోలుదారులం. సినిమా హాలు, విమానాశ్రయం, పార్కు, మూడింటి సూత్రమూ ఇదే.

పార్కు వైపు నుంచి చూస్తే ఇంకో సంగతి ఉంది. ఊరికి దూరంగా స్థలం, ఏడాది పొడవునా సిబ్బంది జీతాలు, కానీ జనం వచ్చేది సెలవుల్లోనూ శని ఆదివారాల్లోనూ. టికెట్టు ధర మరీ పెంచితే అసలు జనమే రారు, ఎందుకంటే అందరూ పోల్చి చూసేది ఆ ధరనే. అందుకే టికెట్టు మీద కొంత, లోపలి తిండి, బొమ్మల మీద కొంత రాబట్టుకుంటారు. ప్రింటరు చౌకగా ఇచ్చి ఇంకు మీద సంపాదించినట్టే. మనం పోల్చి చూడాల్సింది టికెట్టు ధరను కాదు, టికెట్టు, తిండి, ప్రయాణం కలిపిన మొత్తాన్ని.

మూడోది మన మనసులోనే ఉంది. ఆర్థిక శాస్త్రంలో 2017 నోబెల్ బహుమతి అందుకున్న రిచర్డ్ థేలర్ చెప్పిన విషయం: మనిషి డబ్బునంతా ఒకే డబ్బుగా చూడడు. ఇంటి ఖర్చు, చదువు, సరదా అంటూ మనసులో వేరువేరు ఖాతాలు తెరుచుకుంటాడు. కూరగాయల బండి దగ్గర ఐదు రూపాయలకు బేరమాడే మనమే పార్కులో వంద ఎక్కువైనా "ఎప్పుడో ఒకసారి కదా" అంటాం. రెండూ ఒకే జీతంలోంచి వచ్చినవి. సరదా ఖాతాకు బ్యాలెన్సు ఎంతో ముందే రాసిపెట్టుకోకపోతే అది ఓవర్‌డ్రాఫ్టు ఖాతా అయిపోతుంది. ఎల్‌ఎఫ్‌సీ మీద వెళ్లినప్పుడు కూడా ఇది గుర్తుంచుకోవాలి. బ్యాంకు ఇచ్చేది ప్రయాణ చార్జీలు. దారిలో తిండి మన జేబుదే.

సగం పని గేటు బయటే

పార్కులో ఎంత ఖర్చవుతుందనేది ఎక్కువ భాగం మనం ఎంత ఆకలితో లోపలికి వెళుతున్నామన్న దాన్ని బట్టే ఉంటుంది. ఆకలితో కౌంటర్ ముందు నిలబడ్డవాడు ధర చూడడు, వాసన చూస్తాడు.

కాబట్టి మొదటి పని గట్టి టిఫిన్. రెండు ఇడ్లీలు చాలవు. ఉప్మా పెసరట్టో, పప్పుతో చపాతీయో, కూరతో పూరీయో, కాస్త ఆలస్యంగా అరిగేది తినాలి. అయితే గిరగిర తిప్పే రైడ్లు ఎక్కేవాళ్లు వాటికి గంటన్నర, రెండు గంటల ముందే తినడం మంచిది. లేకపోతే తిన్నది దక్కదు. ఇంటి దగ్గర కుదరకపోతే దారిలో తినండి, పార్కు లోపల కాదు. విజయవాడ వైపు నుంచి ఫిల్మ్ సిటీకి వచ్చేవాళ్లకు దారిలోనే సూర్యాపేట, చౌటుప్పల్ ఉన్నాయి. బెంగళూరు వండర్‌లా మైసూరు రోడ్డులో బిడది దగ్గర ఉంది. అక్కడి తట్టె ఇడ్లీ రుచి చూడకుండా పార్కులోకి పోవడం ఎలాగూ పొరపాటే.

రెండోది సాయంత్రం కోసం దాచిపెట్టే డబ్బా. పార్కు మూసేవేళకు పిల్లలకు విపరీతమైన ఆకలి వేస్తుంది, నీళ్ల ఆటలు ఆడి ఉంటే మరీను. బయటికి వెళ్లే దారిలోనే చివరి స్నాక్ కౌంటర్ ఉంటుంది. కారులోనో, సామాను గదిలో దాచుకునే వీలుంటే అక్కడో, ఒక డబ్బా ఉంచుకుంటే ఆ కౌంటర్‌ను దాటేయవచ్చు. ఎండలో నిలిపిన కారు లోపల బాగా వేడెక్కుతుంది కాబట్టి పెరుగన్నం, కొబ్బరి చట్నీ, కూరలు పెట్టకండి. జంతికలు, వేరుశెనగ ఉండలు, కారం మరమరాలు, అరటిపళ్లు, బిస్కెట్లు చాలు. వాటితో గండం గడిచాక ఇంటికి వెళ్లి వేడిగా పప్పన్నం తినవచ్చు.

మూడోది నియమాలు చదవడం. బయలుదేరే ముందు రోజు పార్కు వెబ్‌సైట్ చూసి, లేదా ఫోన్ చేసి నాలుగు ప్రశ్నలు అడగండి. నీళ్ల సీసా తేవచ్చా? లోపల తాగునీటి కుళాయిలు ఎక్కడ? పసిపిల్లల ఆహారానికీ, షుగరు ఉన్నవాళ్ల ఆహారానికీ మినహాయింపు ఉందా? మళ్లీ లోపలికి అనుమతి ఉందా? ఒక్కో పార్కులో ఒక్కో తీరు. గేటు దగ్గర సంచి తెరిపించి డబ్బా పక్కన పెట్టమన్నప్పుడు సెక్యూరిటీ అతనితో గొడవపడితే రోజంతా పాడవుతుంది. అతను రాసిన నియమం కాదది.

ప్యాకేజీ లాభమా, నష్టమా?

కొన్ని పార్కులు టికెట్టుతో పాటు భోజనం కలిపిన ప్యాకేజీ అమ్ముతాయి. దీనికి లెక్క తేలిక. ప్యాకేజీ ధరలోంచి మామూలు టికెట్టు ధర తీసేయండి. మిగిలింది భోజనానికి మీరు కడుతున్న ధర. ఆ భోజనం విడిగా ఎంతకు దొరుకుతుందో, మీ ఇంట్లో ఎవరు ఎంత తింటారో పక్కన రాసుకోండి.

ఉదాహరణకు తేడా మనిషికి 450 రూపాయలు, అందులో బఫే భోజనం, సాయంత్రం టీ ఉన్నాయనుకుందాం. కాలేజీ చదివే కొడుకు ఆ డబ్బుకు న్యాయం చేస్తాడు. ఏడేళ్ల పాప రెండు ముద్దలు తిని గులాబ్‌జాము దగ్గర ఆగిపోతుంది. పెద్దవాళ్లు పథ్యం కొద్దీ సగమే తింటారు. అందరికీ ఒకే ప్యాకేజీ తీసుకోనక్కర్లేదు. కలిపి తీసుకునే వీలుందా అని అడగండి. బఫేలో ఒక చిక్కు కూడా ఉంది. కట్టిన డబ్బు రాబట్టుకోవాలని ఎక్కువ తిని, మధ్యాహ్నమంతా చెట్టు కింద కూర్చుంటే, టికెట్టు డబ్బు వృథా.

స్నాకులు కాదు, భోజనం

మా మొదటి ప్రయాణంలో జరిగిన పెద్ద పొరపాటు ఇదే. చిరుతిళ్లు విడివిడిగా చవకగా కనిపిస్తాయి. ఫ్రైస్, పాప్‌కార్న్, కూల్‌డ్రింకు ఆకలిని గంటసేపు వాయిదా వేస్తాయి తప్ప తీర్చవు. నాలుగు వాయిదాలు కలిపితే ఒక భోజనం ధర దాటుతుంది. భోజనం మాత్రం ఇంకా మిగిలే ఉంటుంది. అందుకే లోపలికి వెళ్లగానే భోజనశాల ఎక్కడుందో, మీల్స్ ధర ఎంతో చూసుకోవాలి. రద్దీకి ముందు, పన్నెండు ప్రాంతంలో తినేయాలి. అప్పుడు వరస ఉండదు, కూర్చోవడానికి చోటు దొరుకుతుంది, వేడిగా ఉంటుంది. అందరూ భోజనానికి పోయిన ఒంటిగంట వేళ రైడ్ల దగ్గర వరసలు తగ్గడం అదనపు లాభం.

కాంబోల విషయంలో ఒక్క మాట. చిన్నది 120, మధ్యది 190, పెద్దది 210 అని బోర్డు మీద ఉంటే, "ఇరవై రూపాయలకే పెద్దది వస్తోంది" అనిపిస్తుంది. ఆ మధ్యది అక్కడ ఉన్నదే పెద్దదాన్ని చవకగా చూపించడానికి. మీరు అడగాల్సిన ప్రశ్న "ఏది లాభం?" కాదు. "మాకు ఎంత కావాలి?" అన్నది.

నీళ్లు, ఎమ్మార్పీ, సర్వీస్ చార్జి

ఎండలో ఐదుగురికి రోజుకు ఎన్ని సీసాలు పడతాయో మీకు తెలుసు. ఖాళీ సీసా తీసుకువెళ్లి లోపల కుళాయి దగ్గర నింపుకోవడం అన్నిటికన్నా పెద్ద ఆదా. కొనాల్సి వస్తే చట్టం కాస్త తెలిసి ఉండాలి. ప్యాక్ చేసిన వస్తువును దాని మీద ముద్రించిన గరిష్ఠ చిల్లర ధర కన్నా ఎక్కువకు అమ్మకూడదని తూనికలు, కొలతల నిబంధనలు చెబుతున్నాయి. ఒకే వస్తువు మీద రెండు చోట్ల రెండు ఎమ్మార్పీలు వేయడాన్ని కూడా 2018 జనవరి 1 నుంచి నిషేధించారు. అయితే కూర్చోబెట్టి వడ్డించే హోటళ్లు, రెస్టారెంట్ల సంగతి వేరు. అక్కడ నీళ్లతో పాటు సేవ కూడా ఉంటుంది కాబట్టి ఎమ్మార్పీకి మించి తీసుకోవచ్చని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అంటే స్టాల్‌లో సీసా కొన్నప్పుడు సీసా మీది ధర చూడండి. టేబుల్ దగ్గర కూర్చుంటే ముందు మెనూలోని ధర చూడండి.

బిల్లులో సర్వీస్ చార్జి కలిపి ఉంటే అది కట్టి తీరాలని కాదు. దాన్ని వాటంతట అవే బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో హోటళ్లకు, రెస్టారెంట్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. జీఎస్టీ వేరు, సర్వీస్ చార్జి వేరు. మొదటిది పన్ను, కట్టాలి. రెండోది మన ఇష్టం. మర్యాదగా అడిగినా వినకపోతే బిల్లు దాచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

ఫోనులో ఒక కవరు

మన అమ్మమ్మలు పాల డబ్బు ఒక డబ్బాలో, పనిమనిషి జీతం ఇంకో డబ్బాలో దాచేవారు. డబ్బా ఖాళీ అయితే ఖర్చు ఆగేది. ఫోనుతో కట్టేటప్పుడు ఆ ఖాళీ కనిపించదు. 2001లో ఎంఐటీకి చెందిన డ్రేజన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ బాస్కెట్‌బాల్ మ్యాచ్ టికెట్లను వేలం పెట్టి చూశారు. నగదు కట్టాలన్నవాళ్ల కన్నా కార్డుతో కట్టవచ్చన్నవాళ్లు దాదాపు రెట్టింపు పాట పాడారు. చేతిలోంచి నోటు పోతున్న బాధ లేకపోవడమే కారణమని ఇలాంటి పరిశోధనలు చెబుతాయి.

ఆ పాత డబ్బాను ఫోనులోనే పెట్టుకోవచ్చు. యూపీఐ లైట్‌లో 5,000 రూపాయల దాకా నింపుకుని, ఒక్కోసారి 1,000 దాకా పిన్ లేకుండా కట్టవచ్చు. పార్కుకు వెళ్లే ముందు ఆ రోజు తిండికి అనుకున్న మొత్తమే అందులో నింపండి. దానంతటదే మళ్లీ నిండే ఏర్పాటు ఉంటే ఆపేయండి. ఆ రోజంతా తిండికి దాన్నుంచే కట్టండి. మిగిలింది ఎంతో ఎప్పటికప్పుడు కనబడుతుంది. పార్కు వాళ్లే ముందుగా డబ్బు నింపే కార్డు ఇస్తే, మిగిలిన డబ్బు తిరిగిచ్చే కౌంటర్ ఎన్నింటికి మూస్తారో లోపలికి వెళ్లేటప్పుడే అడిగి ఉంచుకోండి.

పిల్లలకు మాత్రం నగదే మంచిది. రెండోసారి వెళ్లినప్పుడు మా ఇద్దరికీ చెరో 150 రూపాయలు కవర్లో పెట్టి ఇచ్చాను. "ఇది మీదే. ఏం కొనుక్కున్నా సరే, మిగిలితే ఇంటికి తెచ్చుకోండి. అయిపోతే మళ్లీ అడగొద్దు" అన్నాను. అంతకుముందు ఏది కనిపిస్తే అది అడిగిన చిన్నది ఐస్‌క్రీం బండి ముందు రెండు నిమిషాలు నిలబడి, "నాన్నా, ఇది మన వీధిలో నలభైయే కదా?" అంది. ఆ రోజు అది కొన్నది ఒకటే ఐస్‌క్రీం. చాలా నెమ్మదిగా తింది.

పెద్దవాళ్ల "నాకొద్దు"

ఇన్ని ఆదా మార్గాలు చెప్పినవాణ్ని, ఒక చోట మాత్రం ఆదా వద్దంటున్నాను. మన ఇళ్లలో ఖర్చు పెరుగుతోందని తెలియగానే నోరు కట్టుకునేవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు. చాలాసార్లు అది అమ్మ, లేదా అత్తగారు, లేదా ఇంటి ఇల్లాలు. "నాకొద్దు" అన్న వాళ్ల మాటలో సగమైనా ధరల బోర్డు పలికించిందే. షుగరుకు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు భోజనం తప్పిస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తల తిరగడం దాని గుర్తులు. వాళ్ల జేబులో గ్లూకోజో, నాలుగు చక్కెర బిళ్లలో తప్పక ఉండాలి. మందుల చీటీ దగ్గర పెట్టుకుంటే గేటు దగ్గర వాళ్ల ఆహారం గురించి అడగడం తేలికవుతుంది.

దీనికి నేను కనుక్కున్న ఉపాయం ఒకటే. పెద్దవాళ్లను "తింటారా?" అని అడగకూడదు. ఉదయమే లెక్కలో వాళ్ల భోజనం రాసేసి, పన్నెండు గంటలకు ప్లేటు తెచ్చి ముందు పెట్టాలి.

రెండోసారి లెక్క

మరుసటి ఏడాది అదే ఐదుగురం మళ్లీ వెళ్లాం. అమ్మకు, మాకిద్దరికీ మీల్స్ 230 చొప్పున 690. పిల్లలిద్దరూ పంచుకున్న ఫ్రైడ్ రైస్ 240. పిల్లల కవర్లు 300. మధ్యలో మూడు టీలు 120. నీళ్లు కుళాయివి. లోపల మొత్తం 1,350. ఇంటి నుంచి చేసుకెళ్లిన వాటికి ఇంకో 250 వేసుకుందాం. అంతా కలిపి 1,600. మొదటిసారి కన్నా 860 తక్కువ.

ఎనిమిది వందల అరవై పెద్ద మొత్తమేమీ కాదు, దానితో ఎవరూ మేడలు కట్టరు. కానీ ఈసారి ఐదుగురమూ అన్నం తిన్నాం. సాయంత్రం దాకా అమ్మ మనవలతో పాటు తిరిగింది, టాయ్ ట్రెయిన్ కూడా ఎక్కింది. తిరుగు ప్రయాణంలో కారులో వేరుశెనగ ఉండలు పంచుతూ, "ఆ మీల్స్‌లో పప్పు బాగుందిరా" అంది. కిందటిసారి పార్కు గురించి ఆవిడ నోట ఒక్క మాటా రాలేదని నాకప్పుడు గుర్తొచ్చింది.

వచ్చే రెండో శనివారం మీరు బయలుదేరే ముందు, టికెట్లు తీసుకున్న కాగితం వెనకే తిండి లెక్క కూడా రాసుకోండి. అందులో మొదటి పద్దు ఇంట్లో పెద్దవాళ్ల పేరు మీద ఉండాలి.